కిడ్నీ నీళ్ళను తోడదు, ఉప్పును తోడుతుంది

మిరప కోతలకు వెళ్ళిన రోజు మూత్రం కొంచెమే, అదీ ముదురు పసుపుగా వస్తుందనీ, ఒంట్లో నీళ్ళు తగ్గిన సంగతి కిడ్నీకి ఎలా తెలుస్తుందనీ, ఎలా పొదుపు చేస్తుందనీ ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం నుంచి ఒక పాఠకురాలు అడిగారు. తెలిసేది మెదడుకు. రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడినా పసిగట్టి వాసోప్రెసిన్ అనే హార్మోన్ వదులుతుంది. పొదుపు ఎలాగన్నది మాత్రం చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు.

కిడ్నీకి సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే సన్నటి వడపోత గొట్టాలు. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగడితే బయటికి పోయేది లీటరున్నర. తక్కినదంతా తిరిగి రక్తంలోకే. అందులో చాలా భాగం నెఫ్రాన్ మొదట్లోనే వెనక్కి మళ్ళుతుంది. అసలు విద్య చివరి లీటర్ల దగ్గరే.

నెఫ్రాన్ గొట్టం కిడ్నీ లోతుల్లోకి దిగి, మలుపు తిరిగి, మళ్ళీ పైకెక్కుతుందని 1862లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త హెన్లీ వర్ణించాడు. బడి పుస్తకాల్లోని హెన్లీ శిక్యం అదే. దాని పనేమిటో తెలియక, కణాలు నీటినే తోడిపోస్తాయని పెద్దపెద్దవాళ్ళు నమ్మారు. 1942లో వెర్నర్ కూన్, వైద్యుడు కాని రసాయన శాస్త్రవేత్త, కిటుకంతా ఆ మలుపులోనే ఉందన్నాడు.

ఎంత అందమైన కిటుకో చూడండి. ఎక్కే పాయ ఉప్పును బయటికి తోస్తుంది, నీటిని మాత్రం వదలదు. ఆ ఉప్పు పక్కనున్న దిగే పాయలోంచి నీటిని లాగుతుంది, మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్టు. అలా చిక్కబడిన ద్రవం మలుపు తిరిగి ఎక్కే పాయకు ఇంకా ఎక్కువ ఉప్పు అందిస్తుంది. అదీ బయటికే. ఏ మట్టంలో చూసినా రెండు పాయల మధ్య తేడా కొద్దిగానే ఉంటుంది. ప్రవాహాలు ఎదురెదురుగా సాగుతాయి కాబట్టి ఆ కొద్దే పేరుకుంటూ పోతుంది. యూరియా కూడా తోడై, అడుగున చిక్కదనం రక్తానికి నాలుగు రెట్లవుతుంది.

చిత్రమేమిటంటే, శిక్యం దాటిన ద్రవం రక్తం కన్నా పలచన! అది సంగ్రహణ నాళంలో మళ్ళీ ఆ ఉప్పు లోతుల్లోకి దిగుతుంది. వాసోప్రెసిన్ అందితే నాళం గోడల్లో ఆక్వాపోరిన్లనే నీటి దారులు ఏర్పడి, నీరు తనంతట తానే ఉప్పు వైపు పోతుంది. మిగిలేది చిక్కటి మూత్రం. ఆక్వాపోరిన్లను కనిపెట్టిన పీటర్ ఆగ్రెకు 2003లో నోబెల్ వచ్చింది.

1951లో కూన్ బృందం ఎలుక కిడ్నీ ముక్కలను గడ్డకట్టించి, మెల్లగా కరిగిస్తూ చూసింది. లోతుకు పోయేకొద్దీ మంచు ఇంకా తక్కువ ఉష్ణోగ్రతకే కరిగింది. అక్కడ ద్రవం చిక్కగా ఉందనడానికి అదే రుజువు. అయినా కిడ్నీ శాస్త్రానికి పెద్దదిక్కైన హోమర్ స్మిత్ ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు. కిడ్నీ పరిశోధకుడు కార్ల్ గాట్‌షాక్ ప్రయోగాలు వచ్చాకే ఒప్పుకున్నాడు.

నాలుగు రెట్లను మించి చిక్కబరచడం ఈ యంత్రం వల్ల కాదు. వ్యర్థాలు పోవాలంటే రోజుకు కనీసం అర లీటరు మూత్రం రావాల్సిందే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుకు మూలం నేటికీ తేలలేదు గానీ, ఎండలో నీళ్ళు చాలని కష్టం మీదా అనుమానం ఉంది. మరుగు లేక నీళ్ళు తాగడమే మానుకునే ఆడకూలీలకు కిడ్నీ పాఠం చెప్పి ఏం లాభం? చేను గట్టున మంచినీళ్ళూ మరుగుదొడ్డీ ఏర్పాటు చేయాల్సింది పని చేయించుకునేవాళ్ళు.