కలలా నడిచే చలనచిత్రం: ప్రతీకలను చదవడం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పడుకున్నవారికి అర్ధరాత్రి గూడ్సుబండి కూత కలలో బడిగంటగా వినిపించవచ్చు. ఆ బడిలో ఎప్పుడో చనిపోయిన తాతగారు పాఠం చెబుతున్నా మనం ఆశ్చర్యపోం. "ఇదెలా కుదిరింది?" అని మెలకువ వచ్చాకే అనుకుంటాం. కలలోని సంఘటనలను కలిపేది కాలక్రమం కాదు, మనసులోని భయమో, బెంగో, కోరికో. దీన్నే స్వప్నతర్కం అంటాం.

ఈ తర్కంతో అల్లిన తెలుగు చిత్రం 'అ!'. ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో 2018లో విడుదలైంది. (ఈ పాఠంలో ముగింపు కూడా చెబుతున్నాం. వీలైతే ముందు చిత్రం చూడండి.) కాజల్ అగర్వాల్ పాత్ర తన పుట్టినరోజున సామూహిక హత్యకు సిద్ధపడుతుంది. మరోవైపు ఒక రెస్టారెంటులో, ఒకరికొకరు సంబంధం లేనట్లు కనిపించే మనుషులుంటారు. అక్కడి వంటవాడి పేరు నల, కాని వంట రాదు! నలభీమపాకం తెలిసిన మనకు నవ్వొస్తుంది. అతనితో గాజుతొట్టెలోని చేప, కుండీలోని బోన్సాయ్ చెట్టు మాట్లాడతాయి.

అభ్యాసకులు తరచుగా ఇక్కడే తొందరపడి "చేప అంటే స్వేచ్ఛ, చెట్టు అంటే జీవితం" అని రాసేస్తారు. పంచాంగంలో బల్లిపాటుకు ఫలం వెతికినట్లు ప్రతీకకు అర్థం వెతకకూడదు. అది ఏ స్థితిలో ఉందో గమనించండి. చేప ఏటిలో లేదు, తొట్టెలో ఉంది. బోన్సాయ్‌ని పెరగనీయకుండా కత్తిరిస్తూ వచ్చారు. రెండూ బందీలే. ఎవరి బందీలు?

సమాధానానికి ఒక ఆధారం పేర్లలోనే ఉంది. శివ అనే యువకుడి దగ్గరకు పార్వతి అనే స్త్రీ వచ్చి, భవిష్యత్తులోని శివను తానేనంటుంది. అర్ధనారీశ్వరుణ్ణి ఎరిగిన మనం కూడా దాన్ని హాస్యంగానే దాటేస్తాం. చివరికి తెలుస్తుంది, వీరంతా ఆ ఒక్క యువతి మనసులోని రూపాలే. ఆమె తలపెట్టిన సామూహిక హత్య నిజానికి ఆత్మహత్య. అప్పుడిక చేపా చెట్టూ తమాషా పాత్రలు కావు, ఆ మృత్యువు లెక్కలో అవీ ఉన్నాయి. "ఎవరిని చంపుతుంది?" అని ఎదురుచూసిన మనకు, ఆమెకు ఇన్నాళ్ళూ బయట మాట్లాడే మనిషే లేకపోయారా అనే ప్రశ్న మిగులుతుంది.

ముగింపులో ముడులన్నీ ఒక్కసారిగా విప్పడం నాకు కొంచెం తొందరపాటుగానే తోచింది. ఇది వ్యాధి లక్షణాలను వివరించే వైద్యపాఠం కాదని కూడా గుర్తుంచుకోండి.

మీరు చేయండి: మీకు గుర్తున్న ఒక కలను అయిదు వాక్యాల్లో రాయండి. అందులోని ఒక వస్తువును ఎంచుకోండి. దాని అర్థం రాయవద్దు. అది ఎక్కడ, ఎలా ఉందో, చూసినప్పుడు మీకేమనిపించిందో రాయండి.