నేపాల్ సేవాయాత్రకు వెళ్తున్నారా?



వారం పది రోజుల సేవకు నేపాల్ వెళ్లాలని మన సంఘాల్లో కొందరు ఆశపడుతుంటారు. బీహార్‌లోని రక్సౌల్ దాటితే బీర్‌గంజ్. మనకు వీసా అక్కరలేదు. పాస్‌పోర్టు గాని, ఓటరు కార్డు గాని చాలు. అయితే సరిహద్దు దాటగానే చట్టం మారుతుంది.

2018 ఆగస్టు నుండి అమలులో ఉన్న నేపాల్ శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పించడం నేరం. ఐదేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా. కరపత్రాలు పంచి మనం తిరిగి వచ్చేస్తాం; తర్వాత పోలీసులకు జవాబు చెప్పుకోవలసింది అక్కడి విశ్వాసులే. కనుక స్థానిక కాపరి చెప్పినట్లే నడుచుకోండి.

వైద్య శిబిరమైతే ముందుగా అక్కడి అనుమతి పొందాలి. బి.పి. రోగికి పది రోజుల మాత్రలిచ్చి వస్తే పదకొండో రోజు సంగతేమిటి? ఇచ్చిన మందు పేరు చీటీపై రాసిచ్చి, దగ్గరలోని ఆసుపత్రికి అప్పగించండి. రక్సౌల్‌లో 1930లో మొదలైన డంకన్ ఆసుపత్రికి నేపాల్ రోగులు కూడా వస్తారు.

మీ ఆరోగ్యం మరువవద్దు. నెల ముందే డాక్టరును కలిసి టైఫాయిడ్ టీకా వేయించుకోండి. కాచిన నీళ్లే త్రాగండి. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, దోమతెర వెంట ఉంచుకోండి. 2,500 మీటర్లకు పైన తలనొప్పి, వాంతులు వస్తే ఇంకా ఎక్కకండి. తగ్గకపోతే క్రిందికి దిగండి.

వెళ్లేవారి కొరకు, అక్కడే ఉండి సేవ చేసేవారి కొరకు ప్రార్థించండి.