కారులో పెట్రోలు ఆవిరి లీకు: గుర్తింపు, మరమ్మతు

శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతాలు అగ్గిపెట్టెలకూ బాణసంచాకూ పేరుపొందినవి. ఇక్కడి వారికి నిప్పుతో జాగ్రత్త కొత్తగా నేర్పవలసిన పని లేదు. అయినా ఇంటి షెడ్డులో నిలిపిన కారు నుండి వచ్చే పెట్రోలు వాసనను తేలికగా తీసుకోవడం మనలో ఉన్నదే. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. అది గాలికన్న బరువైనది కనుక నేలను అంటిపెట్టుకొని నిలుస్తుంది.

ఆలంగుళం ఎండకు ట్యాంకు వేడెక్కి ఆవిరి పెరుగుతుంది. అది గొట్టం గుండా బొగ్గు నింపిన డబ్బాను చేరి అక్కడ నిలువ ఉంటుంది. ఇంజను నడిచేటప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకోగా, ఇంజను దానిని పీల్చుకొని మండిస్తుంది. ఈ మార్గంలో ఎక్కడ సన్నని చీలిక ఏర్పడినా ఆవిరి బయటపడుతుంది. లీకును కనిపెట్టే ఏర్పాటు ఉన్న కార్లలో ఇంజను దీపం వెలుగుతుంది. స్కానరు పి0442 అనే సంకేతాన్ని చూపితే లీకు చిన్నదని అర్థం.

వాసన వచ్చినప్పుడు ముందుగా షెడ్డు తలుపులు తెరవాలి, స్విచ్చులు ముట్టరాదు. కారు కింద తడి కనిపిస్తే అది ద్రవ పెట్రోలు లీకు. అప్పుడు ఇంజను స్టార్టు చేయకుండా మెకానిక్కును పిలిపించాలి. తడి లేకుంటే, ఇంజను చల్లారిన తరువాత ట్యాంకు మూతను పరిశీలించాలి. దాని రబ్బరు రింగుపై దుమ్ము ఉంటే తుడవాలి. పగిలి ఉంటే ఆ కారుకు తగిన మూతనే కొనాలి. మరచూట్టు మూత అయితే టక్‌మని శబ్దం వచ్చేవరకు తిప్పాలి.

మూత బాగున్నా వాసన పోకపోతే గొట్టాలను, వాటి అతుకులను, పర్జ్ వాల్వును వర్క్‌షాపులో చూపించాలి. వేడికి రబ్బరు బీటలు వారుతుంది, ఎలుకలూ కొరుకుతాయి. వర్క్‌షాపులో అతి తక్కువ ఒత్తిడితో పొగను పంపి, అది వెలువడే చోటును బట్టి లీకును కనుగొంటారు. అగ్గిపుల్లతో వెదకడం ప్రాణాపాయం. టైర్లకు గాలి కొట్టే కంప్రెసరునూ వాడరాదు. ఆ ఒత్తిడికి ట్యాంకు, డబ్బా చెడిపోతాయి. పగిలిన గొట్టానికి టేపు చుట్టడం మరమ్మతు కాదు. పెట్రోలు ఆవిరిని తట్టుకొనే గొట్టమే వేయించాలి.

పెట్రోలు బంకులో నాజిల్ దానంతట అది ఆగిన తరువాత మరికొంత పోయమని కోరవద్దు. అధికమైన పెట్రోలు బొగ్గు డబ్బాలోకి చేరి దానిని పాడుచేస్తుంది. ఈ ఆవిరిలో క్యాన్సర్ కారకమైన బెంజీన్ కూడా ఉంటుంది. కాబట్టి వాసన తగిలిన రోజే పరీక్ష చేయించడం కుటుంబానికీ ఇరుగుపొరుగుకూ క్షేమం.