నెలలు నిండని బిడ్డ, నిబ్బరం కావలసిన తల్లిదండ్రులు

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకుతుంది గాని ఎనిమిదో నెలలో పుడితే బ్రతకదని మన పల్లెల్లో నేటికీ చెప్పుకొంటారు. విశ్వాసుల ఇళ్ళలో కూడా ఈ మాట వినబడుతుంది. ఇందులో నిజం లేదు. తల్లి గర్భంలో గడిపే ప్రతి వారమూ బిడ్డ ఊపిరితిత్తులకు, మెదడుకు బలాన్నిస్తుంది. కనుక ఎనిమిదో నెల బిడ్డకే బ్రతికే అవకాశం ఎక్కువ. అయినా ఈ మాట ఒక పచ్చి బాలింత చెవిన పడితే ఆమె ఎంతగా కృంగిపోతుందో ఆలోచించండి.

37 వారాలు నిండకముందే పుట్టిన శిశువును నెలలు నిండని శిశువు అంటారు. 2020లో ప్రపంచంలో ఇట్టివారు సుమారు 1 కోటి 34 లక్షల మంది పుట్టారు. వారిలో సుమారు 30 లక్షల మంది మన దేశపు బిడ్డలే. అంటే ఇది ఎక్కడో అరుదుగా జరిగే సంగతి కాదు. మన సంఘాల్లో, మన పక్కింటిలో జరిగేదే.

తల్లి మాటేమిటి?

బిడ్డను పెట్టెలో పెట్టారనగానే అందరి చూపూ ఆ పెట్టె మీదనే ఉంటుంది. తల్లిని పలుకరించేవారు తక్కువ. ఏ బరువు ఎత్తానో, ఏమి తినకూడనిది తిన్నానో అని ఆమె లోలోపల కుమిలిపోతుంది. తండ్రి మందుల చీటీలతో, బిల్లులతో తిరుగుతుంటాడు. పరిచర్యలో భాగంగా ఆసుపత్రులకు వెళ్ళినప్పుడు మేము తరచుగా వినే ప్రశ్న ఒకటే: "అయ్యగారూ, మేమేమి పాపం చేశాము?" పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు కూడా ఇట్టి ప్రశ్ననే అడిగారు. అతని అంధత్వానికి అతని పాపమో, అతనిని కన్నవారి పాపమో కారణం కాదని ప్రభువు జవాబిచ్చాడు (యోహాను 9వ అధ్యాయం). ఈ తల్లిదండ్రులకు మనం మొదట చెప్పవలసినది ఇదే.

తల్లి రొమ్మే ఉయ్యాల

1970ల చివర కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా పనిచేసే ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలలేదు. ఆయన బిడ్డలను తల్లి రొమ్మున, చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచే పద్ధతిని ప్రారంభించారు. దీనినే కంగారూ మదర్ కేర్ అంటున్నారు. మన దేశంతో సహా ఐదు దేశాల్లో జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. బిడ్డ పరిస్థితి కుదుటపడేవరకు ఆగకుండా, పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయని తేలింది. రోజుకు 8 మొదలు 24 గంటల వరకు, వీలైనంత ఎక్కువ సేపు ఇలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ కూడా బిడ్డను ఇలా ఎత్తుకోవచ్చు.

బిడ్డ భాష నేర్చుకోవడం

1980ల ఆరంభంలో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో మరొక ప్రయత్నం జరిగింది. బిడ్డ ఇంటికి వెళ్ళేముందు ఒక నర్సు తల్లితో 7 సార్లు, తరువాత ఇంటివద్ద 4 సార్లు కూర్చొనేది. ఆమె ఇచ్చింది మందు కాదు. బిడ్డ చేసే సైగలను చదవడం నేర్పింది. ముఖం తిప్పుకొన్నా, వేళ్ళు విప్పి చాచినా, ఆవులించినా బిడ్డ అలసిపోయిందని అర్థం. అప్పుడు ఆడించడం ఆపాలి. కళ్ళు విప్పార్చి నెమ్మదిగా చూస్తుంటే అది మాట్లాడవలసిన సమయం.

మొదటి సంవత్సరంలో ఫలితమేమీ కనబడలేదు. కాని నాలుగేళ్ళ వయస్సుకు ఆ బిడ్డలు, ఇట్టి సహాయం అందని బిడ్డలకంటె తెలివిలో ముందున్నారు. తొమ్మిదేళ్ళప్పుడు కూడా ఆ తేడా నిలిచింది. ఇది కొద్దిమందితో జరిగిన పరిశీలనే. ఇటువంటి అనేక పరిశోధనలను కలిపి చూచినప్పుడు, బడికి వెళ్ళే ముందటి వయస్సులో మేలు స్పష్టంగా కనబడింది గాని ఆ తరువాత అంత స్పష్టంగా లేదు. కాబట్టి మొదటి నెలల సహాయంతోనే సరిపెట్టక, బడి వయస్సులోనూ ఈ బిడ్డలను గమనిస్తూ ఉండాలి.

ఇంటిలో గుర్తుంచుకోవలసినవి

* రెండు నెలల ముందు పుట్టిన బిడ్డకు ఆరు నెలలు వస్తే, ఎదుగుదల విషయంలో నాలుగు నెలల బిడ్డగానే చూడాలి. రెండేళ్ళు నిండేవరకు ఈ లెక్కే. పక్కింటి బిడ్డతో పోల్చి బాధపడవద్దు. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి.

* 34 వారాలకు గాని అంతకుముందు గాని పుట్టినా, బరువు 2 కిలోలు మించకపోయినా, 30 రోజుల లోపుగా కంటి రెటీనా పరీక్ష తప్పక చేయించాలి. మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే అవసరం. ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోవచ్చు. వినికిడి పరీక్ష కూడా అవసరమే.

* ఆశా కార్యకర్త ఇంటికి వస్తే తలుపు తీయండి, సందేహాలు అడగండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద, జిల్లా స్థాయిలో ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు ఏర్పడ్డాయి. ఎదుగుదలలో లోపాలున్న పిల్లలకు అక్కడ ఉచితంగా సహాయం అందుతుంది.

సంఘం చేయగలిగినది

పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొని వచ్చారు (మార్కు 2వ అధ్యాయం). ఈ తల్లిదండ్రులకు కూడా అట్టి నలుగురు కావాలి. ఒకరు ఆసుపత్రికి క్యారియర్ తీసుకువెళ్ళవచ్చు. మరొకరు ఇంటిలో ఉన్న పెద్దబిడ్డను బడికి పంపవచ్చు. ఇంకొకరు పరీక్షలకు వెళ్ళేందుకు బస్సు చార్జీలు భరించవచ్చు. నాలుగవవారు తల్లి పక్కన కూర్చొని, సలహాలివ్వక ఆమె చెప్పేది వింటే చాలు. బిడ్డను చూడాలని గుంపుగా వెళ్ళవద్దు. జలుబు, దగ్గు ఉన్నవారు దూరం నుండే ప్రార్థించండి. బిడ్డను తాకేముందు చేతులు సబ్బుతో కడుగుకోండి. ముద్దులు పెట్టవద్దు.

అపొస్తలుడైన పౌలు తనను అకాలంలో పుట్టిన శిశువుతో పోల్చుకొన్నాడు (1 కొరింథీ 15:8). తాను యోగ్యుడను కానంటూనే, దేవుని కృపయే తనను నిలబెట్టిందని సాక్ష్యమిచ్చాడు. మీ సంఘంలో ఈ నెలలో ఇట్టి బిడ్డ పుట్టిన ఇల్లు ఏదైనా ఉన్నదేమో విచారించండి. ఈ ఆదివారమే ఆ తల్లిని, తండ్రిని పేరు పెట్టి ప్రార్థనలో జ్ఞాపకం చేసికొనండి. ఆరాధన ముగిసిన తరువాత వారికేమి అవసరమో అడిగి తెలిసికొనండి.