వీడియో టేపులందలి వీరగానము: దాని ప్రత్యంతరలేఖన విధానము

పల్నాటి వీరచరిత్ర గ్రంథరూపమున శ్రీనాథుని పేర ప్రసిద్ధము. అక్కిరాజు ఉమాకాంతము గారు దానిని 1911లో పరిష్కరించి ప్రకటించిరి. గాయకుడగు అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠము జీన్ రోఘైర్ గారి యాంగ్లానువాదముతో 1982లో ఆక్స్‌ఫర్డునుండి వెలువడెను. అయినను పుస్తకము మాటను మాత్రమే నిలుపును. గాయకుని స్వరము, వాద్యముల మ్రోత, కత్తి చేపట్టి వేయు నడుగు నచ్చున కందవు. కారెంపూడిలో కార్తికామావాస్య మొదలు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అను నైదు దినముల యుత్సవము జరుగును. అట్టి గానమును చిత్రించిన పాత టేపు లెచ్చట నున్నను నవి యొకవిధమైన వ్రాతప్రతులే యని యెఱుంగవలయును.

తాళపత్రమును జదువుటకు గన్నులు చాలును. టేపును జదువుటకు యంత్రము వలయును. వీ.హెచ్.ఎస్. పద్ధతి 1976లోను, వీడియో-8 పద్ధతి 1985లోను, హై-8 పద్ధతి 1989లోను బుట్టినవి. వీ.హెచ్.ఎస్. యంత్రములను జివరివఱకు నిర్మించిన జపానుదేశపు ఫునాయి సంస్థ 2016లో నా పని మానెను. తేమవలన టేపుపై నయస్కాంతధూళిని బట్టియుంచు లేపనమును శిథిలమగును. కావున నాలస్యము హానికరము.

టేపుపై జిత్రము సంహితాపాఠమువలె నవిచ్ఛిన్నమైన తరంగము. కంప్యూటరునకు బదపాఠమువలె విడివిడి యంకెలు కావలయును. ఈ విభాగమును జేయునది టేపుయంత్రమునకును గంప్యూటరునకును నడుమ నుంచు మార్పిడిపరికరము. 1982లో నేర్పడిన యంతర్జాతీయ ప్రమాణము ననుసరించి యది వెలుగును సెకనునకు 1,35,00,000 మాఱులు కొలుచును. ఎనిమిది బిట్ల లెక్కలో బ్రతికొలతకు 256 అంతరువు లుండును. ఇట్లు పంక్తికి 720 బిందువులతో 576 పంక్తుల చిత్రము సిద్ధించును.

భారతదేశమున వాడిన పాల్ పద్ధతిలో సెకనునకు 25 చిత్రములు. ఒక్కొక్క చిత్రమున బేసిపంక్తు లొకసగము, సరిపంక్తు లొకసగము. రెంటికిని సెకనులో నేబదవవంతు కాలభేదము కలదు. ఒకసగమును విడిచినచో గత్తివిసరులో సగము పోవును. కావున మూలప్రతిలో నీ విభాగము నున్నదున్నట్లుంచి, చూచుటకై చేయు ప్రతులలో మాత్రమే కలుపదగును.

పని చేయు క్రమ మిది. బూజుపట్టిన టేపును యంత్రమున బెట్టరాదు. అది యంత్రమును జెఱచి తక్కిన టేపులకును నంటును. మంచి టేపును జివరివఱకు నొకమాఱు త్రిప్పి, మరల వెనుకకు జుట్టవలయును. యంత్రమున ఎస్-వీడియో ద్వారమున్న దానినే వాడుట మేలు; అందు వెలుగును రంగును వేఱువేఱు తీగెలలో బోవును. గంటసేపటి టేపున కొకగంట పట్టును, త్వరపెట్టుటకు వీలులేదు. డీ.వీ. పద్ధతిలో గంటకు సుమారు 13 గిగాబైట్ల చోటు కావలయును. మిక్కిలి కుదించినచో నడుగులు మసకబాఱును.

గాయకుడు మఱచి యాగినచోటును, మరల నందుకొన్న చరణమును గత్తిరింపరాదు. అవి పాఠభేదముల కాధారములు. ప్రతికి స్థలము, దినము, గాయకుని పేరు, పాడిన ఘట్టము చేర్చి, మూడు ప్రతులు చేసి, యందొకటి వేఱొకయూర నుంచవలయును. పని ముగిసెనని టేపును బాఱవేయరాదు. అది మాతృక, ప్రత్యంతరమున సందేహము కలిగినప్పుడు సరిచూచుటకు మఱియొకటి లేదు.