వార్ధక్యమున కాలేయ శస్త్రచికిత్స



"కాటికి కాళ్లు చాచిన వయస్సున కత్తివైద్య మేల?" యను మాట మన పల్లెలలో తఱచుగా వినవచ్చును. కాలేయమున కేన్సరు, అనగా రాచపుండు, పుట్టిన వృద్ధుని విషయమున నీ మాట యెంతవఱకు నిజమో విచారింతము.

కాలేయమునకు వింతగుణ మొకటి కలదు. కొంత కోసి తీసివేసినను, మిగిలిన భాగము కొన్ని వారములలో, నెలలలో పెరిగి ఆ లోటును చాలవఱకు పూడ్చును. ఆరోగ్యముగల కాలేయమున మూడింట రెండువంతులు తీసినను మనుష్యుడు బ్రతుకగలడు. 1952లో పారిసు నగరమున లోర్తా-జాకొబ్ అను వైద్యుడు కాలేయపు కుడిభాగమును క్రమపద్ధతిని తీసివేసెను. 1957లో కువీనో యను ఫ్రెంచి పండితుడు కాలేయ మెనిమిది ఖండములుగా నున్నదనియు, ఒక్కొక్క ఖండమునకు రక్తమార్గము వేఱనియు విశదపఱచెను. కావుననే నేడు చెడిన ఖండమును మాత్రమే తీసి, రక్తస్రావమును అదుపున నుంచగలుగుచున్నారు.

అట్లయిన ప్రమాద మెచ్చట? ఈ రోగము తఱచుగా ముందే చెడిన కాలేయమునందు పుట్టును. హెపటైటిస్ బి, సి క్రిములవలనను, మద్యపానమువలనను, పేరుకొన్న క్రొవ్వువలనను కాలేయము మచ్చలుపడి గట్టిపడును. గట్టిపడిన కాలేయము చక్కగా తిరిగి పెరుగదు. కామెర్లు, పొట్టలో నీరు గలవానికి పెద్ద శస్త్రము ప్రాణాంతకము కావచ్చును.

అందుచేత వైద్యులు, వయస్సెంత యనుటకంటె, మిగులబోవు కాలేయ మెంత, దాని బల మెంత యని ముందుగా కొలుతురు. జపానులో ఆకుపచ్చని రంగుమందు నరమున కెక్కించి, 15 నిమిషముల పిదప రక్తమున నెంత మిగిలెనో చూతురు. కాలేయము బలముగ నున్న నా రంగును వెంటనే వెడలగొట్టును. పిదప గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండములు, నడక, ఆహారము విచారింతురు. ఇవి బాగుగ నున్నచో డెబ్బదియేండ్లు నిండుట యొక్కటే శస్త్రమునకు అడ్డు కాదు.

అయినను వృద్ధులు కోలుకొనుట ఆలస్యము. న్యుమోనియా, కొన్నాళ్లు మతిచలనము కలుగవచ్చును. శస్త్రము జయప్రదమైనను అయిదేండ్లలో సగముమందికిపైగా రోగము మరల పుట్టును. పుండు చిన్నదై, 3 సెంటీమీటర్లలోపు నున్నచో, కోయకయే సూదితో కాల్చు పద్ధతియు కలదు.

కావున వైద్యుని మూడు సంగతు లడుగుడు: కాలేయము గట్టిపడినదా? శస్త్రము పిదప నెంత మిగులును? దీనికంటె తేలికయగు మార్గ మున్నదా? కాలేయము గట్టిపడినవారు ఆఱునెలల కొకమాఱు స్కానింగు చేయించుకొనవలయును. రోగిచాటున బిడ్డలే తీర్పు చెప్పుట తగదు. దేహ మెవరిదో నిర్ణయమును వారిదే.