చలికాలమున పెరటికోళ్లు గ్రుడ్లు మానకుండుటకు ఉపాయములు

ప్రాణహిత గోదావరిలో గలియు కాళేశ్వర ప్రాంతమున కార్తీకము దాటినది మొదలు పెరటికోళ్లు గ్రుడ్లు పెట్టుట తగ్గించును. అంతట పలువురు రైతులు కోడి వట్టిపోయినదని తలచి అంగడిలో తక్కువ వెలకు అమ్మివేయుదురు. కొన్ని వారములు ఓపిక పట్టినచో ఆ కోడియే మరల గ్రుడ్లు పెట్టవచ్చును. కావున అమ్ముటకు ముందు కారణము నెఱుంగవలెను.

కారణము: ఇచ్చట చలికంటె వెలుతురు కొఱతయే ముఖ్యము. దినమునకు 14 మొదలు 16 గంటల వెలుతురున్నప్పుడు కోడి బాగుగా గ్రుడ్లు పెట్టును. డిసెంబరు చివర ఇచ్చట పగలు సుమారు 11 గంటలే. ఇదిగాక ఈ కాలమున ముదురుకోళ్లు పాత ఈకలు రాల్చి క్రొత్తవి తొడుగును. తిన్న బలమంతయు వానికే పోవును. ఈకలు రాల్చు కోడి తురాయి పాలిపోయి ముడుచుకొనును. ఇది రోగము గాదు. అట్టి కోడిని అమ్మరాదు. ఈకలు నిండి తురాయి మరల ఎఱ్ఱబడినచో గ్రుడ్లకు సిద్ధమైనదని తెలియవలెను.

చేయవలసిన పనులు:

1. తెల్లవాఱగానే గంప నెత్తవలెను. మంచు విడుచువఱకు మూసియుంచినచో ఉన్న వెలుతురును పోగొట్టినట్లగును. గూటిలో విద్యుద్దీపము పెట్టగలవారు వేకువన 4 గంటలకు వెలిగించి, తెల్లవాఱినపిదప ఆర్పవలెను. ఒకనాడు పెట్టి ఒకనాడు మానరాదు. గడ్డి, తడికెలుగల గూటిలో నూనెదీపము పెట్టుట అగ్నిభయము.

2. సాయంకాలము గూటికి చేరుముందు కోడి యొక్కింటికి 30 మొదలు 50 గ్రాముల మక్కలు గాని జొన్నలు గాని వేయవలెను. తవుడులో నువ్వుల తెలకపిండి కలిపి పెట్టవలెను. చెదపురుగులు దొరికిన మిగుల మేలు.

3. గ్రుడ్డు పెంకులో పదింట తొమ్మిది పాళ్లకు మించి సున్నపురాతి పదార్థమే. ఏటియొడ్డున దొరకు నత్తగుల్లలను ఎండబెట్టి నలుగగొట్టి వేఱుగా నుంచినచో కోళ్లు కావలసినంత తినును. కాల్చిన సున్నము మాత్రము పెట్టరాదు.

4. గ్రుడ్లను దినదినము తీయవలెను. పొదుగు పట్టిన కోడిని నీట ముంచుట క్రూరము, చలిలో అపాయము. గాలి తగులు గంపక్రింద, గడ్డి పఱవక, మేతయు నీరును పెట్టి నాలుగైదు దినములుంచిన పొదుగు విడుచును.

5. చలిగాలి తగులు ప్రక్కను గోనెతో మూసి, పైభాగమున గాలికి సందు విడువవలెను. పూర్తిగా మూసిన గూటిలో రెట్టల ఘాటు, తేమ పెరిగి కోళ్లకు ఊపిరి చెడును.

6. కొక్కెర తెగులు ఇంటింటి కోళ్లను తుడిచిపెట్టును. 1927లో రాణీఖేతువద్ద కనబడుటచే దీనికి రాణీఖేతు వ్యాధియను పేరు గలిగెను. వచ్చినపిదప మందులేదు, పశువైద్యునిచే ముందుగానే టీకా వేయింపవలెను.

నాటుకోడి దినమునకొక గ్రుడ్డు పెట్టునది గాదు. ఏడాదికి 50, 60 పెట్టిన మంచిదే. అయినను ఆ గ్రుడ్లు ఇంటి స్త్రీల చేతిపైకము, పిల్లలకు బలమైన ఆహారము. కావున వెలుతురు, మేత, ఓపిక ఈ మూటిని కొఱతపడనీయరాదు.